ఎనిమిదో మనిషి పేరు

జయశీలకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చిన్నప్పటినుంచీ చేతకాదు. కంచరపాలెంలో రైలుపట్టాల పక్క వీధిలో పుట్టింది. తండ్రి బెన్సన్ రైలింజన్లు బాగుచేసే లోకోషెడ్డులో ఫిట్టరు. ఖనిజం బండి వీధినంతా అదరగొడుతూ పోతుంటే ఈ పిల్ల గోడెక్కి కూర్చుని వ్యాగన్లు లెక్కపెట్టేది. మధ్యలో తల్లి అన్నానికి పిలిస్తే పలికేది కాదు. ఒక్క వ్యాగను తప్పిపోయిందేమోనన్న అనుమానం వచ్చిందంటే ఆ పూట అన్నం సయించేది కాదు. ఇప్పుడు నలభై రెండేళ్లు వచ్చినా ఆ అలవాటు పోలేదు. పాలు పొంగేలోపు, లిఫ్టు కిందికి దిగేలోపు లోలోపల అంకెలు పెట్టుకుంటూనే ఉంటుంది. ఇంట్లోంచి బయల్దేరి సందు చివరిదాకా వెళ్లి, గ్యాసు కట్టేశానో లేదోనని మళ్లీ వెనక్కి వస్తుంది. భర్త జాన్‌బాబు పోర్టులో క్రేన్ ఆపరేటరు, నిదానం మనిషి. ఆవిడ వెనక్కి వస్తుందని తెలిసి తలుపు తాళం వెయ్యకుండానే నిలబడి ఉంటాడు.

ఆమె ఇంజనీరింగ్ చదవలేదు. బీఎస్సీ అయ్యాక ఆసీల్‌మెట్ట దగ్గర ఒక డీటీపీ సెంటర్లో పదకొండేళ్లు టైపు చేసింది. పెళ్లి కార్డులు, అర్జీలు, అన్నిటికన్నా ఎక్కువగా ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు. రిపోర్టు వెనకాల పేజీలకు పేజీలు కంప్యూటర్ ప్రోగ్రాం ఉండేది. మొదట అర్థం తెలియకుండానే అక్షరం అక్షరం కొట్టేది. నాలుగైదేళ్లకు, బాబూ, ఇక్కడ బ్రాకెట్ మూయలేదు, ఇది నడవదు అని పిల్లలకే చెప్పడం మొదలుపెట్టింది. ముప్ఫై అయిదో ఏట సాయంత్రం పూట టెస్టింగ్ కోర్సు చేసి, సీతమ్మధారలో ఇరవై ఆరుగురు పనిచేసే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ప్రోగ్రాంలలో తప్పులు పట్టే టెస్టర్‌గా చేరింది. ఎవరికీ ఇష్టం లేని బిల్డ్ పని తిరిగి తిరిగి ఆమె బల్ల దగ్గరికి చేరింది.

బిల్డ్ అంటే ప్రోగ్రామర్లు విడివిడిగా రాసిన ముక్కలన్నిటినీ ఒకచోట చేర్చి, సరిచూసి, పనిచేసే వస్తువుగా కట్టి సర్వర్ మీదికి పంపడం. అందుకో టూల్ ఉంటుంది. దానికి సొంతంగా వచ్చిన పని తక్కువ. ఒక్కో పనికి ఒక్కో ప్లగిన్ అని చిన్న పనిముట్లు బయటినుంచి దించుకుంటుంది, ఒకసారి దించుకున్నవి తన ఫోల్డర్‌లో దాచుకుంటుంది. అన్నీ సవ్యంగా సాగినన్నాళ్లు బిల్డ్ అనే పని ఒకటుందని ఆఫీసులో ఎవరికీ గుర్తుండదు. ఆగిపోయిన రోజు మాత్రం ఇరవై ఆరుగురూ జయశీల కుర్చీ వైపే చూస్తారు.

అలాంటి రోజు నవంబరులో ఒక సోమవారం వచ్చింది.

పొద్దున్న పది గంటలకు ఫిషింగ్ హార్బర్ నుంచి కామరాజు ఫోన్ చేశాడు. ఆయన ఒక మరబోటుకు డ్రైవరు, బోట్ల సంఘానికి కార్యదర్శి కూడా. వేటకు పోయే ప్రతి బోటూ ముందురోజు సాయంత్రం ఆరు లోపల తన మనుషుల పేర్లు, ఇంటి ఫోన్ నంబర్లు నమోదు చేసే ప్రోగ్రాం ఈ కంపెనీయే సంఘానికి రాసిచ్చింది. అంతకుముందు ఏడాది గాలివానలో కాగితం మీది పేర్లకూ, తిరిగొచ్చిన మనుషులకూ లెక్క కుదరక జెట్టీ మీద ఒక పూటంతా ఏడుపులైపోయాయి. అందుకని రాయించుకున్నారు. ఇప్పుడు, వారం కిందట కొత్త మార్పులు పెట్టినప్పటినుంచి, ఏడుగురి పేర్లు నిలుస్తున్నాయి, ఎనిమిదోది మాయమైపోతోంది.

కామరాజు గొంతులో కోపం లేదు, తొందర ఉంది. అండమాన్ వైపు అల్పపీడనం పుట్టింది. గురువారం దాకా వేటకు పోవచ్చన్నారు కాబట్టి మంగళవారం తెల్లారకముందే నలభై బోట్లు బయల్దేరుతున్నాయి. బోటుకు ఎనిమిది, తొమ్మిదిమంది. ఎనిమిదోవాడు ఎప్పుడూ ఆఖరున ఎక్కే వంటమనిషి, లేకపోతే ఎవరికో బదులు వచ్చినవాడు.

"మేడమ్ గారూ, ఏడుగురి పేర్లు రాసీసి, ఎనిమిదోవోడిని మీరు రాకపోయినా పరవాలేదని మనం అనగలమేటి," అన్నాడు.

తప్పు దిద్దడానికి పది నిమిషాలు పట్టలేదు. టీమ్ లీడ్ సుమంత్ ఇరవై తొమ్మిదేళ్ల చురుకైన మనిషి. ఒక్క లైను మార్చాడు. చేతిలో పనేకదా అని, చాలాకాలంగా పసుపురంగులో హెచ్చరిక చూపిస్తున్న ఒక ప్లగిన్‌కు కొత్త వెర్షన్ నంబరు కూడా వేసి పంపాడు. జయశీల బిల్డ్ మొదలుపెట్టింది. లోపల అంకెలు మొదలయ్యాయి. ఇరవై రెండు దగ్గర తెర నిండా ఎర్రటి అక్షరాలు. ఫలానా ప్లగిన్ దొరకలేదు, బిల్డ్ ఆగిపోయింది.

ఆమె మళ్లీ నొక్కింది. మళ్లీ ఎరుపే. తన ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి అదే ప్లగిన్ పేరు కొడితే పేజీ చక్కగా వచ్చింది. వస్తువు లోకంలో ఉంది, ఈ యంత్రానికే అందడం లేదు. సుమంత్ వెనకాల నిలబడి, పాత నంబరే మళ్లీ పెట్టేద్దామా అక్కా అని అడిగాడు. ఆ మాట తలకెక్కేలోపే ఆమె చెయ్యి ఇంకో పని చేసింది. దాచుకున్న ఫైళ్లలో ఏదో పాడయి ఉంటుంది, తుడిచేసి మొదటినుంచి దించుకుంటే సరిపోతుంది అనుకుంది. ఇంతకుముందు రెండుసార్లు అలాగే బాగయింది కూడా. యంత్రంలో ఆ ఫోల్డర్ మొత్తం తుడిచేసింది. ఏడేళ్లుగా ఒక్కొక్కటే పోగయిన ప్లగిన్లన్నీ రెప్పపాటులో పోయాయి.

తరువాత పాత నంబరు పెట్టి నడిపారు. ఈసారి కొత్త ప్లగిన్ ఒక్కటే కాదు, ఏ ప్లగినూ దొరకలేదంది. నిన్నటిదాకా ఉన్నవి కూడా లేవు. పొద్దున ఒక్కటి లేక ఆగిన బిల్డ్, ఇప్పుడు మూడువందల ఫైళ్లు లేక ఆగింది.

సుమంత్ కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. అతను తిట్టి ఉంటే జయశీలకు కాస్త తేలికగా ఉండేది. ఆమె లేచి నీళ్ల ఫిల్టర్ దాకా వెళ్లి, తాగకుండానే తిరిగి వచ్చి, కూర్చుని, మళ్లీ లేచింది.

దారులన్నీ వెతికారు. మూడు నెలల కిందట ఆఫీసులోకి ఏదో వైరస్ వచ్చినప్పటినుంచి బిల్డ్ యంత్రానికి బయటి ఇంటర్నెట్ లేదు. పెన్‌డ్రైవ్ పెట్టే రంధ్రం కూడా మూసేశారు. సుమంత్ ల్యాప్‌టాప్‌లో ఉన్నవి తెచ్చి ఎక్కించడానికి వీల్లేదు. ల్యాప్‌టాప్‌లోనే కట్టి పంపుదామంటే, హార్బర్ సర్వర్‌లోకి వెళ్లే తాళం ఈ యంత్రం ఒక్కదానికే ఉంది. దానికి కావలసినవన్నీ ఆఫీసులోనే ఉన్న మరో సర్వర్ తెచ్చివ్వాలి. ఆ సర్వర్‌ను అందరూ గోదాం అంటారు. బయటికి వెళ్లి వస్తువు తెచ్చే అధికారం గోదాంకే ఉంది. అది బయటికి వెళ్లాలంటే ఇంటర్నెట్‌కు కాపలాగా ఉన్న గేటు ప్రోగ్రాం తెరిచి ఉండాలి, ఆ తాళం నెట్‌వర్క్ చూసే సన్యాసిరాజు చేతిలో ఉంది.

గోదాం మీద పడిన తరువాత జయశీలకు ఒక సంగతి తెలిసింది. శనివారం సన్యాసిరాజు గోదాం పాత సర్వర్ పెట్టె తీసేసి కొత్త పెట్టె పెట్టాడు. పేరు అదే, చిరునామా అదే, అందుకని ఎవరికీ తేడా తెలియలేదు. లోపల చూస్తే ఖాళీ. బయటినుంచి ఒక్క ఫైలయినా వచ్చిన గుర్తు లేదు. ఎవరు ఏమడిగినా, ఖాళీ గోదాం నా దగ్గర లేదు అంటోంది. అంటే పెట్టె మార్చినప్పుడు బయటి గేటు తెరవడం మరిచిపోయి ఉండాలి.

సన్యాసిరాజు ఫోన్ స్విచాఫ్. ఆదివారం కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, వారం సెలవు పెట్టాడు. ఇంట్లో వేరేవాళ్ల నంబరు ఎవరి దగ్గరా లేదు. కంపెనీ యజమాని శ్రీరామ్మూర్తి ఢిల్లీ విమానంలో ఉన్నాడు. ఆయనకైనా గేటు పాస్‌వర్డ్ తెలియదు. జయశీలకు మాత్రం పెందుర్తిలో సన్యాసిరాజు ఇల్లు తెలుసు. రెండేళ్ల కిందట వాళ్ల అమ్మాయి పెళ్లికి వెళ్లింది.

ఒంటిగంట దాటింది. టిఫిన్ డబ్బా తెరవకుండానే హెల్మెట్ పెట్టుకుని స్కూటీ తీసింది.

తాటిచెట్లపాలెం దాటాక కంచరపాలెంలో తమ సందు మొగ పక్కనుంచే పోయింది. ఇంటివైపు తల తిప్పలేదు. ఎన్.ఏ.డి. జంక్షన్‌లో ఉక్కు కాయిల్స్ వేసుకున్న ట్రైలర్ల వెనకాల ఇరుక్కుంది. గోపాలపట్నంలో మళ్లీ ఆగింది. ఆగినచోటల్లా అంకెలు పెట్టుకుని, అంకె పెరిగేకొద్దీ హారన్ నొక్కుతూనే ఉంది. పక్కన ఆటోవాడు విసుక్కుని ఏదో అన్నాడు, ఆమెకు వినపడలేదు. తుడిచేసిన ఫోల్డర్ కళ్ల ముందు తిరుగుతోంది. ఎవరూ చెయ్యమనలేదు. ఒక్క నిమిషం ఆగి సుమంత్ మాట విని ఉంటే పాత ప్లగిన్లు చేతిలో ఉండేవి, పదకొండుకల్లా పని అయిపోయేది. ఇంజనీరింగ్ చదివినవాళ్లయితే ఇలా చేసేవాళ్లు కాదేమో అన్న పాత మాట వేపగుంట దగ్గర మనసులోకి వచ్చింది. పెందుర్తి వచ్చేదాకా వదల్లేదు.

సన్యాసిరాజు ముందుగదిలో మంచం మీద, నల్లద్దాలు పెట్టుకుని, దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్లు. నేవీ డాక్‌యార్డులో కేబుళ్ల పని చేసి వచ్చినవాడు. ఆఫీసులో ఏ వైరు ఎక్కడికి పోతుందో చూడకుండా చెప్పగలడు. భార్య రోజారమణి తలుపు దగ్గరే అడ్డంగా నిలబడింది. డాక్టరు ఫోన్ చూడొద్దన్నాడనీ, అందుకే స్విచాఫ్ చేసి బీరువాలో పెట్టాననీ, ఆఫీసు గొడవలు వారందాకా ఈ ఇంట్లోకి రానివ్వననీ గట్టిగానే చెప్పింది. లోపలినుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఎవురది?"

"నాను, జయశీలని, బాబాయ్."

"రానీయే. ఇంత ఎండలో ఆడమనిషి వచ్చిందంటే ఊరికే వచ్చుంటాదేటి."

ఆమె కూర్చోలేదు. నిలబడే, కామరాజు ఫోన్ దగ్గరినుంచి ఖాళీ గోదాం దాకా గబగబా చెప్పేసింది. ఆయన చివర్న, ఒక్క ప్లగిన్ దొరకలేదా, ఏదీ దొరకలేదా అని మాత్రం అడిగాడు. ఏదీ దొరకలేదంది. ఆయన, గొంతెండిపోతోంది, ఈ అమ్మాయికీ నాకూ మజ్జిగ కలిపి తెమ్మని భార్యను లోపలికి పంపాడు.

"శనివారం గేటు తెరిసాననే అనుకున్నానమ్మా," అన్నాడు మెల్లగా. "ఆ గడిలో టిక్కు పడినాదో నేదో నాకు ఆనలేదు. ఆరు నెల్లనుంచీ అచ్చరాలు ఆనడం నేదు. వైర్లు సేత్తో తడిమి సేసీసినాను. తెర మీదవి అలవాటు మీద నొక్కీసినాను."

"ఎవరికీ సెప్పలేదేటి బాబాయ్?"

"ఈ వయసోడికి కళ్లు ఆనవని తెలిత్తే ఆ కుర్సీలో ఎవుడు కూకోనిత్తాడు."

జయశీలకు అప్పుడు మంచం పక్క స్టూలు మీద కూర్చోబుద్ధయింది. పొద్దుటినుంచి మొదటిసారి వీపు వాల్చి కూర్చుంది. తాను తుడిచేసిన ఫోల్డర్ సంగతి కూడా చెప్పేసింది. ఎవరూ సెప్పకుండానే సేసీసాను బాబాయ్ అంది. ఆయన నల్లద్దాల వెనకాల ఎటు చూస్తున్నాడో తెలియలేదు. నువ్వు తుడవకపోతే నా గేటు సంగతి ఇంకో నెలదాకా బయటపడేది కాదు, అన్నాడు. ఓదార్పుకన్నాడో నిజంగానే అన్నాడో ఆమెకు అంతుపట్టలేదు.

తరువాత ఆయన చెప్పాడు, ఆమె ఫోన్‌లో రాసుకుంది. ఏ పేజీలోకి వెళ్లాలి, ఎడమవైపు ఎన్నో వరస, ఏ గడిలో టిక్కు. కళ్లు మూసుకునే అంతా వరసగా చెప్పాడు. పాస్‌వర్డ్ దగ్గర ఆగాడు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదన్నాడు. ఆమె వైపు వంగి, ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పాడు. అది వాళ్లమ్మ పుట్టిన ఊరి పేరు, వెనకాల నాలుగంకెలు. రాసుకోవద్దనీ, గుర్తుపెట్టుకోమనీ అన్నాడు. ఆమె మూడుసార్లు పెదాల మీద అనుకుంది. రోజారమణి మజ్జిగ గ్లాసులతో వచ్చేసరికి ఇద్దరూ ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు.

గుమ్మం దాటుతుంటే ఆయన అడిగాడు. "శ్రీరామ్మూర్తి గారికి ఏటి సెప్తావు?"

"గేటు మూసుందని సెప్తాను. ఎందుకు మూసుందో వచ్చాక మీరే సెప్పండి. నా ఫోల్డర్ సంగతి నాను సెప్తాను."

మూడుంబావుకు ఆఫీసులో ఉంది. హెల్మెట్ తియ్యకుండానే కూర్చుని గేటు పేజీ తెరిచింది. పాస్‌వర్డ్ మొదటిసారి తప్పు పడింది. తొందరలో ఒక అక్షరం రెండుసార్లు పడి ఉంటుంది. మూడుసార్లు తప్పితే పేజీ మూసుకుపోతుందని ఆయన చెప్పాడు. కుర్చీలోంచి లేచి, ఊపిరి పీల్చి, ఒక్కో అక్షరం మీద ఆగి కొట్టింది. తెరుచుకుంది. ఎడమవైపు నాలుగో వరస. గోదాం పేరుకు ఎదురుగా గడి ఖాళీగా ఉంది. టిక్కు పెట్టింది. గోదాంలోకి వెళ్లి ఒక ప్లగిన్‌ను చేత్తో అడిగి చూస్తే, కొద్దిసేపటికి బయటినుంచి వచ్చి పడింది.

సుమంత్ అబ్బ అని కుర్చీలో వెనక్కి వాలాడు. ఆమె బిల్డ్ నొక్కింది.

ఎరుపు. ప్లగిన్ దొరకలేదు.

గేటు తెరిచి ఉంది, గోదాంలో వస్తువు ఉంది, అయినా లేదంటోంది. మళ్లీ నొక్కింది, మళ్లీ అదే. మూడు నలభై అయింది. ఈలోపు కామరాజు మరో రెండుసార్లు ఫోన్ చేశాడు. ఐస్ ఎక్కించడం అయిపోయిందట, జెట్టీ మీద జనం ఫోన్లు పట్టుకుని పేర్లు కొట్టడానికి చూస్తున్నారట. సుమంత్ తన జుట్టు పట్టుకుని, యంత్రాన్నే ఆపి మళ్లీ పెడదామా అక్కా అన్నాడు. ఆమె చెయ్యి ఆ బటన్ దాకా వెళ్లింది. వెళ్లి ఆగింది. పొద్దున చేసిన పని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

అప్పుడు తట్టింది. నొక్కిన దగ్గరినుంచి ఎరుపు వచ్చేదాకా ఆమె లోపల లెక్క రెండు దాటలేదు. పొద్దున మొదటిసారి ఇరవై రెండు పట్టింది. ఫోల్డర్ తుడిచాక కూడా దాదాపు అంతే. ఇప్పుడు రెండు. గోదాంను అడిగి, అది వెతికి, లేదని జవాబు రావడానికి రెండంకెలు చాలవు. అంటే ఈ టూల్ అసలు ఎవరినీ అడగడం లేదు.

"సుమంత్, ఇది అడగకుండానే లేదంటంది," అంది.

పొద్దుటినుంచి ఆ ఎర్రటి అక్షరాల్లో మొదటి రెండు లైన్లే చదివి కోపం తెచ్చుకుంది. ఇప్పుడు వేలు పెట్టి మొదటినుంచి చివరిదాకా చదివింది. పొడుగాటి లైను చివర్లో ఉంది సంగతి. ఇంతకుముందు అడిగినప్పుడు లేదన్నారు, ఆ జవాబు దాచుకున్నాను, గడువు తీరేదాకా మళ్లీ అడగను, బలవంతం చేస్తే తప్ప. ఫోల్డర్ తుడిచాక ఖాళీ గోదాం చెప్పిన మాటనే పట్టుకుని కూర్చుంది యంత్రం. గోదాం నిండినా దానికి తెలియదు. మళ్లీ అడుగు అని చెప్పడానికి ఆజ్ఞ చివర ఒక్క అక్షరం చేర్చాలి. ఆ అక్షరం ఏదో ఆమెకు తెలుసు, ఎప్పుడో చదివింది, ఎప్పుడూ వాడే అవసరం రాలేదు. చేర్చి నొక్కింది.

రెండు. అయిదు. తొమ్మిది. పదకొండు దగ్గర తెర మీద మొదటి ఫైలు దిగింది. ఆ వెనకాల ఇంకొకటి. తరువాత చదవడానికి వీల్లేనంత వేగంగా లైన్లు పైకి పోవడం మొదలుపెట్టాయి. సుమంత్ ఏదో అంటున్నాడు, చుట్టూ నలుగురైదుగురు చేరారు. ఆమె లెక్క మాత్రం ఆపలేదు. మూడువందల పన్నెండు ఫైళ్లు. ఆపైన పరీక్షలు నడిచాయి. ఎనిమిదిమంది ఉన్న బోటు పరీక్ష, తొమ్మిదిమంది ఉన్న బోటు పరీక్ష, రెండూ నెగ్గాయి. నాలుగు ఇరవైకి కొత్త ప్రోగ్రాం హార్బర్ సర్వర్ మీదికి వెళ్లింది.

ఆమే కామరాజుకు ఫోన్ చేసి, ఒకసారి కొట్టి చూడమంది. అవతల ఎవరెవరో పేర్లు చెబుతున్నారు, ఆయన ఒక్కోటీ పైకి చదువుతూ కొడుతున్నాడు. వెనకాల బోటు ఇంజన్ల చప్పుడు వినిపిస్తోంది.

"నిలిసినాది మేడమ్ గారూ," అన్నాడు. "తొమ్మిదీ నిలిసినాయి."

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె బీరకాయ కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. జాన్‌బాబు పెరుగు కలుపుకుని తిన్నాడు. ఏమైందని అడిగితే చెప్పడం మొదలుపెట్టి, ప్లగిన్ దగ్గరే ఆగిపోయింది. పని అయిందా అని అడిగాడు. అయిందంది. మరెందుకలా తిరుగుతన్నావ్ అన్నాడు. ఆమె వెళ్లి గ్యాసు కట్టేసి ఉందో లేదో చూసి వచ్చింది. పక్క మీద పడుకుని పాత ప్లగిన్లన్నీ సరైన వెర్షన్లే దిగాయా లేదా అని ఆలోచించింది. తెల్లారగానే అందరికన్నా ముందు ఆఫీసుకు వెళ్లి ఒక్కొక్కటీ సరిచూసుకుంది. సరిగానే ఉన్నాయి. అయినా రెండోసారి చూసింది.

అల్పపీడనం అనుకున్నదానికన్నా త్వరగా ముదిరింది. బుధవారం మధ్యాహ్నానికే బోట్లను వెనక్కి రమ్మన్నారు. గురువారం పొద్దుటికి హార్బర్‌కు ముప్ఫై తొమ్మిది చేరాయి. ఒకటి రాలేదు. జయశీల ఆ పూట ఎన్నిసార్లు కిటికీ దగ్గరికి వెళ్లిందో లెక్కలేదు. మూడో అంతస్తు కిటికీలోంచి సముద్రం కనపడదు, చెట్లు ఊగడమే కనపడుతుంది. పదకొండింటికి కామరాజు ఫోన్ చేశాడు. ఆ బోటు ఇంజన్ పాడయి, గాలికి కొట్టుకుపోయి, దక్షిణాన పూడిమడక దగ్గర ఒడ్డుకు చేరింది. ఎంతమంది దిగారని ఆ ఊరివాళ్లను అడిగితే ఎనిమిదిమంది అన్నారు. జాబితాలోనూ ఎనిమిదే. ఆఖరి పేరు జగ్గయ్య, వంటమనిషి, సోమవారం సాయంత్రం వేరేవాడికి జ్వరం వస్తే బదులెక్కినవాడు. అతని భార్య అసిరమ్మ ఆ ఎనిమిదిమందిలో అతనూ ఉన్నాడని జెట్టీ మీద మిగతావాళ్లు చెప్పిన మాట నమ్మక, రాసున్నది చదివి వినిపించమందట. కామరాజు చదివి వినిపించాడు. మళ్లీ చదవమంటే మళ్లీ చదివాడు.

జయశీల ఫోన్ పెట్టేసింది. సుమంత్ ఏమైందక్కా అని అడిగితే, అందరూ వచ్చేశారంట అంది. ముఖం కడుక్కుని వచ్చి, అటకమీద పెట్టె దించమని చెప్పి, ఎవరూ అడగని పాత వైర్లు సర్దుతూ మధ్యాహ్నం దాకా గడిపింది.

మరుసటి సోమవారం శ్రీరామ్మూర్తి అందరినీ కూర్చోబెట్టి అసలేం జరిగిందని అడిగాడు. ఫోల్డర్ తుడిచింది నేనేనని జయశీల మొదటే చెప్పింది. అనవసరంగా వెర్షన్ నంబరు మార్చింది నేనని సుమంత్ అన్నాడు. అడగకుండానే అన్నాడు, ముఖం ఎర్రబడింది. సన్యాసిరాజు నల్లద్దాలతోనే వచ్చాడు. నిలబడి, తన కళ్ల సంగతి ఆరు నెలల దగ్గరినుంచి చెప్పాడు. చెప్పి, రాజీనామా కాగితం జేబులోంచి తీశాడు. శ్రీరామ్మూర్తి దాన్ని తీసుకుని చదివి, మడిచి తన జేబులో పెట్టుకున్నాడు గాని, ఆమోదించాడో లేదో ఆ రోజు చెప్పలేదు. రెండు రోజుల తరువాత పిలిచి, రెండో కన్ను కూడా బాగయ్యేదాకా తెర పని ముట్టుకోవద్దన్నాడు. గేటు, గోదాం పనులు జయశీలకు నేర్పమన్నాడు. ఆమెను జీతాల పట్టీలో ఇంకా టెస్టర్ అనే రాస్తున్నారన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. ఆ పేరు మార్చడానికి ఆయనకు మరో నెల పట్టింది.

అప్పటినుంచి ఆదివారాలు చర్చి అయ్యాక జయశీల స్కూటీ మీద పెందుర్తి వెళుతోంది. జాన్‌బాబు ఒక్కోసారి వెనకాల కూర్చుని వస్తాడు, వచ్చి సన్యాసిరాజు పెరట్లో అరటిచెట్లు చూస్తూ తిరుగుతాడు. డాక్టరు ఇంకా తెర చూడొద్దన్నాడు కాబట్టి, ఆ వారం గేటు దగ్గర ఏమేం జరిగిందో యంత్రం రాసుకున్న చిట్టాను ఆమె ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పైకి చదువుతుంది, ఆయన వింటాడు. ఎక్కడో ఒకచోట చెయ్యెత్తి ఆపి, ఆ లైను ఎందుకొచ్చిందో అడుగుతాడు. తెలియకపోతే వారందాకా ఆలోచించుకురమ్మంటాడు. రోజారమణి ఇప్పుడు గుమ్మం దగ్గర అడ్డం నిలబడడం లేదు. మొన్న ఆదివారం జయశీల ఎప్పటిలాగే ఒక్క ఊపులో నాలుగు లైన్లు చదివేసి అయిదోదానిలోకి దూకింది. సన్యాసిరాజు మంచం మీద నిటారుగా కూర్చున్నాడు.

"అంత పరుగేటమ్మా," అన్నాడు. "మూడోది మళ్లీ సదువు. అందులో ఏదో ఉన్నాది."

ఆమె వేలు పెట్టుకుని మూడో లైను మళ్లీ చదవడం మొదలుపెట్టింది.